వెలి – వేఱు – ఎడము



మాటల చరిత్ర యనగా పండితుల పెట్టెలలో దాచుకొనదగిన సరకేగాని, పొలము పుట్ర చూచుకొనువారికి దానితో పనిలేదని చాలమంది తలంతురు. నేనును ముప్పది యేండ్లకు పైగా బడిలో పర్యాయపదములు వల్లె వేయించినవాడనే. వేఱు, వెలి, ఎడము, దూరము అని నల్లబల్లపై వరుసగా వ్రాసి, వీని యర్థము ఇంచుమించుగా నొక్కటియే యని పిల్లలకు చెప్పుచుండెడివాడను. అది తప్పని నాకు నేర్పినవాడు ఏ మహాపండితుడును గాడు. నాయొద్ద అయిదవ తరగతి చదివి మానివేసిన యొక తాపీమేస్త్రి. ఆ సంగతి మొదట మనవిచేసి, పిమ్మట విషయమునకు వచ్చెదను.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతటను రాకపోకలు నిలిచిపోయిన సంగతి మీ రెఱుగుదురు. కొరోనా వ్యాధి భయమున నగరములలో పనులు కట్టువడినవి. కూలినాలి చేసికొనువారు మూటలు నెత్తిన బెట్టుకొని స్వగ్రామములకు నడక సాగించిరి. ఆ మేస్త్రియు హైదరాబాదునుండి భార్యతోను ఇద్దఱు బిడ్డలతోను కొంత నడిచి, కొంత లారీ యెక్కి, మా యూరు చేరెను. ఊరిపెద్దలు కూడి, వారిని 14 దినములు ఊరిచివర బడిలో నుంచవలెనని నిర్ణయించిరి. ఆ నిర్ణయమునందు దోషములేదు. అదియే యప్పటి వైద్యుల మాట. దానిని నలుగురకు తెలియునట్లు బడి గుమ్మమున వ్రాసి పెట్టుమని నన్ను కోరిరి. నాకు పాతమాటలయందు మక్కువ మెండు. సుద్ద తీసికొని, “ఈ కుటుంబమువారు 14 దినములు ఊరికి వెలిగా నుందురు. ఎవ్వరును దరిజేరరాదు” అని దిట్టముగా వ్రాసితిని.

ఆ సాయంకాలము పాలచెంబు గుమ్మముకడ బెట్టి తిరిగి వచ్చుచుండగా అతడు లోపలినుండి పిలిచెను. “మాస్టారూ, పద్నాలుగు రోజులు కాదు, నెల ఉండమన్నా ఉంటాం. ఆ బల్లమీది మాట మాత్రం తుడిచెయ్యండి. మా తాతకు ఈ ఊరు వేసిన శిక్ష ఆ మాట” అనెను.

నేను వెంటనే తుడువలేదు. పండితుడను గదా! వెలి యనగా వెలుపల యని మాత్రమే యర్థమనియు, గ్రంథము అచ్చుపడి బయటికి వచ్చినపుడు వెలువడినదందుమనియు, మనసులోని మాట చెప్పుటను వెలిబుచ్చుట యందుమనియు అతనికి గుమ్మముకడ నిలిచి వ్యాఖ్యానము చేసితిని. అతడు విని, మాఱు పలుకక లోపలికి బోయెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పిన యర్థము నిఘంటువులోనిది. అతడు చెప్పినది ఊరిలోనిది. నాటినుండి ఈ మాటలను మరల మొదటినుండి చదువనారంభించితిని. ఆ చదువులో దొరకినదానినే నేడు మీకు విన్నవించుచున్నాను.

మనుష్యుడు మనుష్యునకు దూరమగుటను దెలుపు మాటలు మన భాషలో నాలుగు తెగలుగా నున్నవి. మమత తెగక దూరమగుట ఒకటి. తన పాలు తాను తీసికొని దూరమగుట రెండవది. తానై కోరి దూరమగుట మూడవది. పదిమంది చేరి యొకని దూరము చేయుట నాలుగవది. చూచుటకు నాలుగింటను మనుష్యుడు ఒంటరియే. కాని యీ నాలుగింటికిని నడుమ నున్న భేదము చిన్నది గాదు.

మొదటిది ఎడబాటు. ఎడ యనగా రెండింటి నడుమ నుండు తావు. పాయుట యనగా విడివడుట. ఈ రెండును గూడి ఎడబాయుట, ఎడబాటు అను మాట లేర్పడినవి. ఈ పాయుటనుండి వచ్చినదే పాయ. గోదావరీనది ధవళేశ్వరమునకు దిగువను గౌతమి యనియు వసిష్ఠ యనియు పాయలై పాఱుచున్నది. పాయలు రెండైనను నీరు ఒక్కటియే. తల్లి కూతునకు జడ వేయునపుడు వెండ్రుకలను మూడు పాయలు తీయును. అట్లు పాయలు తీయుట చెదరగొట్టుటకు గాదు, అల్లుటకే. ఎడబాటు అను మాటలో ఈ రెండు భావములును ఇమిడియున్నవి. దూరమైనను మూలము ఒక్కటి యనుట యొకటి, మరల కలియుదు మను ఆశ రెండవది. అందుచేతనే పగవారు దూరమైనచో ఎడబాటని యెవ్వరు ననరు. సంస్కృతమునందలి విరహశబ్దము విడుచుట యను నర్థముగల రహ్ ధాతువునుండి పుట్టినది. రహస్యమను మాటకును అదియే మూలము. నలుగురిని విడిచి చెప్పుకొనునది రహస్యము, ప్రియమైనవారిని విడిచి పడు బాధ విరహము.

ఈ తెగకు చేరిన మాటలకు మన తీరమున ఒక చరిత్ర కలదు. కాకినాడకు దక్షిణమున కోరంగి యను రేవు కలదు. 1839వ సంవత్సరమున గొప్ప తుపాను వచ్చి సముద్రము దానిపై బడి ముంచినది. తుపానుకు ముందును పిమ్మటను ఆ తీరమునుండి తెలుగువారు ఓడలెక్కి బర్మాకును, మారిషసునకును, ఇతర దీవులకును పనులకై పోయిరి. బర్మాదేశమున మనవారికి కోరంగీలని పేరువచ్చినది. ఓడ యెక్కిన రేవు పేరే ఆ జనులకు పేరైనది. అచ్చటివా రా పేరును చులకనగా పలుకుటయు కలదు. అయినను చూడుడు, ఎక్కడ విడిపోయితిమో ఆ చోటే మన పేరై మన వెంట వచ్చినది.

1942వ సంవత్సరమున జపానువారి సేనలు బర్మాలో ప్రవేశింపగా, లక్షలకొలది భారతీయులు అడవులును కొండలును దాటి కాలినడకను స్వదేశమునకు మరలిరి. త్రోవలో చచ్చినవారు వేలకొలది. వచ్చినవారిలో మన కోస్తా జిల్లాలవారు పెక్కుమంది. వారిని మనవారు కాందిశీకులనిరి. ఇది పాతమాటయే. ఏ దిక్కునకు పోదును, ఏ దిక్కునకు పోదును అని భయమున పరుగెత్తువాడు కాందిశీకుడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. ఒక ప్రశ్న ఒక మనుష్యునకు పేరైనది! శరణార్థి యనునపుడు అతడు మననుండి కోరునది వినబడును. కాందిశీకుడనునపుడు అతని గుండెలోని దడ వినబడును. ఊరిలోనికి క్రొత్తవాడు వచ్చినపుడు ఈ మాటను తలచుకొనుట మేలు.

ఇక రెండవది వేఱు. ఇచ్చట లిపినిగూర్చి యొక మాట. చెట్టు వేరునకు సాధురేఫము, వేఱుపడుటలోని వేఱునకు శకటరేఫము, అనగా మనము బండి ఱ యనునది. నేటి అచ్చులో బండి ఱ పోయి రెండును ఒక్కతీరుననే కనబడుచున్నవి గాని, ఇవి రెండు వేఱువేఱు మాటలు. అఱవమున నేటికిని చెట్టువేరును ఒక రేఫముతోను, భిన్నమను మాటను మఱియొక రేఫముతోను వ్రాయుదురు. కన్నడమున మొదటిది బేరు, రెండవది బేరె. మన అచ్చువారు తెలిసియో తెలియకయో ఈ రెండింటిని కలిపివేసిరి. అన్నదమ్ములు వేఱుపడినను వారి వేరొక్కటియే యని చెప్పుకొనుట కిది సౌకర్యముగానే యున్నది!

వేఱుపడుటయను పనికి మన దేశమున గట్టి శాస్త్రము కలదు. కల్యాణపురము నేలిన చాళుక్యరాజు ఆఱవ విక్రమాదిత్యుడు 1076 మొదలు 1126 వఱకు రాజ్యముచేసెను. ఆయన కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. వంగదేశము తక్క హిందూదేశమున చాలభాగమునందు కుటుంబపు ఆస్తి పంపకమునకు అదియే ప్రమాణమైనది. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగుపద్యములలోనికి దెచ్చెను. తెలుగున ధర్మశాస్త్రము చెప్పిన తొలి గ్రంథములలో నది యొకటి. అనగా, అన్నదమ్ము లెట్లు వేఱుపడవలెనో తెలుగువారు తెలుగులోనే చదువుకొని దాదాపు ఏడువందల యేబది యేండ్లు గడచినవి.

ఈ శాస్త్రమున చిత్రమైన యంశ మొకటి కలదు. కొడుకునకు పుట్టుకతోనే ఆస్తిలో హక్కు వచ్చునని మితాక్షర మతము. అందుచే పంపకమనగా క్రొత్తగా నిచ్చుట గాదు, ఉన్నదానిని తేటపఱచుట. ఇంగ్లండులోని ప్రీవీకౌన్సిలువారు 1916లో, వేఱుపడుచున్నానని ఒక్క దాయాది స్పష్టముగా తెలిపినచో, పొలములో గట్టు వేయకపోయినను, పాడిపంటలు పంచకపోయినను, అతడు వేఱుపడినవాడేయని తీర్పుచెప్పిరి. మన ఆంధ్రదేశమునుండి పోయిన యొక వ్యాజ్యమున 1963లో సుప్రీంకోర్టువారు దానికి మఱియొక మాట చేర్చిరి. ఆ తలంపు మనసులో నున్న చాలదు, తక్కినవారికి తెలియజేయవలెను అనిరి. చూచితిరా! మాటకు ఎంతటి బలము! గట్టు వేయకముందే మాట గట్టు వేయుచున్నది. మాట యొక పని. ఈ సంగతిని జ్ఞాపకమునందుంచుకొనుడు. ముందు దీనితో పనిగలదు.

దాయము తీసికొనువాడు దాయాదుడు, మన నోట దాయాది. తెలుగున దాయ యను చిన్నమాటకు జ్ఞాతి యనియు పగవాడనియు రెండర్థములును నిఘంటువులం దున్నవి. ఇది మన తెలుగువారి కలహప్రియత్వమని మాత్రమే అనుకొనరాదు. సంస్కృతమున భ్రాతృవ్యశబ్దమునకు అన్నదమ్ముల బిడ్డ యనియు శత్రువనియు పాణినియే రెండర్థములు చెప్పియున్నాడు. రెండువేల యేండ్లకు ముందును గట్టు తగవు లుండెడివన్నమాట. అయినను వేఱు అను మాటలో నొక న్యాయము కలదు. వేఱుపడినవాడు వట్టిచేతులతో పోడు. తన పాలు తీసికొని పోవును. ఆ పాలు ఆడుబిడ్డలకు చాలకాలము లేకపోయినది. 1985 సెప్టెంబరు 5నుండి అమలగునట్లు 1986లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము చేసిన చట్టము, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు కొడుకులతో సమముగా పుట్టుకతోనే హక్కు నిచ్చెను. దేశమంతటికి అట్టి చట్టము 2005లో వచ్చెను. ఈ విషయమున తెలుగుదేశము ఇరువది యేండ్లు ముందు నడచినదని మనము గర్వింపవచ్చును.

మూడవది తానై కోరుకొను ఒంటరితనము. దీనికి మన పెద్దలిచ్చిన మాటలు గొప్పవి. ఏకాంతము, వివిక్తము, విరక్తి. కేవలుడనగా ఒంటరివాడు. ఆ శబ్దమునుండి పుట్టిన కైవల్యము సాంఖ్యయోగశాస్త్రములలో మోక్షమునకే పేరైనది. ఇంతకన్న ఒంటరితనమునకు గౌరవము వేఱొక భాషలో నుండునని నేననుకొనను. ఈ తెగనుగూర్చి విస్తరింపను. తానై పోయినవాడు తానై తిరిగిరాగలడు. ద్వారము లోపలినుండి గడియ వేసికొన్నవానినిగూర్చి మనకు చింతలేదు. వెలుపలినుండి గడియ పడినవానినిగూర్చియే నేటి మాట.

అదియే నాలుగవది, వెలి.

పదిమంది చేరి యొకని దూరము చేయుట అన్ని దేశములయందును కలదు. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దమున గ్రీసుదేశపు ఏథెన్సు నగరమున పౌరులు ఏటికొకసారి కూడి, ఎవనివలన నగరమునకు చెఱుపు కలుగునని తలంతురో వాని పేరును కుండపెంకుపై గీచి వేయుచుండిరి. ఆఱువేల పెంకులు పడినచో, ఎక్కువమంది గీచిన పేరుగలవాడు పదియేండ్లు నగరము విడిచి పోవలెను. క్రీ. పూ. 482లో న్యాయపరుడని పేరొందిన అరిస్టైడీసే యట్లు పోవలసివచ్చినది. చదువురాని పల్లెవాడొకడు అతనినే పిలిచి, పెంకుపై అరిస్టైడీసు పేరు వ్రాసిపెట్టు మనెనట. అతడు నీకేమి కీడు చేసెనని యడుగగా, ఏమియు చేయలేదు, అందఱును అతనిని న్యాయపరుడనుట విని విని విసిగితి ననెనట. అరిస్టైడీసు మాఱుమాటాడక తన పేరు తానే వ్రాసి యిచ్చెనని ప్లూటార్కు చెప్పినాడు. అట్టి పెంకులు నేడు త్రవ్వకములలో వేలకొలది దొరకినవి. అయినను ఆ శిక్షకు రెండు హద్దులుండెను. గడువు పదియేండ్లు మాత్రమే. ఆస్తి పోదు, ఇల్లువాకిలి అతనివియే. గడువు తీరినపిమ్మట తలయెత్తుకొని తిరిగి రావచ్చును. ఆపదలో గడువునకు ముందే అరిస్టైడీసును మరల పిలిపించుకొనిరి కూడ.

రోమకుల పద్ధతి ఇంతకన్న కఠినము. వారు నగరమునుండి త్రోసివేయువానికి నిప్పును నీరును నిషేధించిరి. క్రీ. పూ. 58లో వాగ్మియైన సిసిరోకు అట్టి నిషేధమే కలిగినది. మఱుసటి యేట అతడు తిరిగివచ్చెను. నిప్పు, నీరు! ఈ రెండు మాటలు వినగానే మన పల్లెటూరి పెద్దలకు తెలిసియుండును. మన యూళ్లలో వెలియనగా ఇదియే గదా! పొరుగింటినుండి నిప్పు పుట్టదు. బావికడ చేద వేయనీయరు. చాకలి బట్ట ముట్టడు, మంగలి కత్తి తీయడు. పెండ్లికి పిలుపులేదు, పీనుగును మోయ మనిషిలేడు. రోమునగరమునకును మన పల్లెకును ఏ సంబంధమును లేకయే, ఒకే తలంపు పుట్టినది. బ్రతుకుటకు నిప్పును నీరును ఎట్లో, మనుష్యునకు మనుష్యుడట్లని ఇరువురును ఎఱుగుదురు. ఎఱిగియే, దానిని శిక్షగా చేసిరి.

అయితే మన వెలికి ఏథెన్సువారి హద్దులు లేకపోయినవి. గడువులేదు, ఒక్కనితో ఆగుటయు లేదు. ఒక తప్పుచేసినవానికి వేసిన వెలి ఒకటి, పుట్టుకతోనే పడిన వెలి మఱియొకటి. ఊరికి వెలుపల ఇండ్లుండుట వెలివాడ యైనది. అయిదవ శతాబ్దారంభమున మన దేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు ఫాహియాను, చండాలురు ఊరికి దూరముగా నుందురనియు, ఊరిలోనికి వచ్చునపుడు కఱ్ఱతో చప్పుడుచేసి తమ రాకను తెలుపుదురనియు వ్రాసినాడు. పదియాఱువందల యేండ్లనాటి ఆ కఱ్ఱచప్పుడు మన తాతల చెవులలోను పడినదే. ఏథెన్సువాడు పదియేండ్లు వెలుపల నున్నాడు. మనవాడు తరతరములు వెలుపల నున్నాడు. వాడు చేసిన తప్పేమని యడిగినచో చెప్పుటకు ఆ పల్లెవాని మాటకన్న మేలైన మాట మనయొద్ద లేదు.

తప్పునకు వేసిన వెలియైనను ఎల్లప్పుడు తప్పునకే వేయబడలేదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. 1856నుండియే అట్టి వివాహము చట్టసమ్మతము. అయినను ఆయనకును ఆయనతో కలిసినవారికిని వెలి తప్పలేదు. కొందఱు భయపడి ప్రాయశ్చిత్తము చేసికొని విడిపోయిరి. నేడు ఆ వివాహము చరిత్ర, ఆ వెలివేసినవారి పేరు లెవ్వరికిని తెలియవు. వెలిపడినవాడు ఆస్తికిని దూరమగుట అంతకుముందే ఆగినది. కులము తప్పినంతమాత్రమున వారసత్వపు హక్కు పోదని 1850లోనే చట్టము చేసిరి. వెలి వేఱును మ్రింగకుండ అది అడ్డుపడినది.

ఆ తెగలో నొక వింతయు కలదు. 1880లో ఐర్లండు దేశమున కౌలురైతులు బాయికాట్టను భూస్వామిప్రతినిధితో మాటయు పనియు మానివేయగా, అతని పేరే ఆ పనికి పేరైనది. అచ్చట బలహీనులు బలవంతుని వెలివేసిరి. 1921లో మన చీరాల పేరాల ప్రజలు అంతకన్న వింతపని చేసిరి. పురపాలక సంఘపు పన్నుల నొల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరినే విడిచి, వెలుపల రామనగరమని పేరిడుకొని, ఎండకును వానకును ఓర్చి దాదాపు పదునొకండు నెలలు పాకలలో కాపురముండిరి. పన్ను వేసినవారికి ఇండ్లు మిగిలినవి, మనుష్యులు మిగులలేదు. అధికారము గలవారిని బలహీనులు విడిచిపోవుట వేఱు, బలవంతులు బలహీనుని త్రోసివేయుట వేఱు. పేరొక్కటియైనను తూకమొక్కటి గాదు.

1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినది. 1955లో దానికి శిక్షలు విధించు చట్టము వచ్చినది. మాట చట్టములో చచ్చినను ఊరిలో చావలేదు. 1991లో నాటి గుంటూరుజిల్లా చుండూరున దళితులకు కొన్నాళ్లు సాంఘిక బహిష్కారము సాగినది. పనిలేదు, పొత్తులేదు. ఆగస్టు 6వ తేదీని ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. వెలి మాటతో మొదలై కత్తితో ముగియగలదని ఆ యూరు మనకు చూపినది. 1989నాటి అత్యాచార నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణలో, దళిత గిరిజనులకు సాంఘిక బహిష్కారము విధించుటయే కాదు, విధించెదమని బెదరించుటయు నేరమని చేర్చిరి. బెదరింపనగా మాట. ఆస్తి తగవులో మాట గట్టైనట్లే, ఇచ్చట మాట నేరమైనది.

ఇన్ని చెప్పినపిమ్మట మా బడి గుమ్మమునకు మరల వచ్చెదను. వ్యాధిగలవానిని దూరముగా నుంచుటకు చరిత్ర లేదా? కలదు. 1377లో ఆద్రియాటికు సముద్రతీరపు రగూసా రేవువారు, మహామారి గల దేశములనుండి వచ్చువారు 30 దినములు వెలుపలనే వేచియుండవలెనని శాసించిరి. పిమ్మట అది 40 దినములైనది. ఇటలీభాషలో నలువది యను మాటనుండియే క్వారంటైను అను పేరు వచ్చినది. వెనీసు నగరమువారు 1423లో దీనికై యొక దీవిలో ఆసుపత్రి కట్టించిరి. ఐసొలేషను అను ఇంగ్లీషుమాటకు మూలము దీవియే. గోదావరి లంకలలో వఱదనాళ్ల నెఱిగిన మనవారికి ఆ మాట వెంటనే బోధపడును. లంకలో నున్నవాడు వెలిపడినవాడు గాడు. నీరు తీయగానే పడవ వచ్చునని యెదురుచూచువాడు. క్వారంటైను అను పేరులోనే గడువున్నది. నలువది దినముల లెక్క తెలిపి దూరముంచుటయే దానిలోని ధర్మము.

లెక్క లేనిచో వ్యాధియు వెలి యగును. కుష్ఠరోగులకు అట్లే యైనది. 1873లో నార్వేదేశపు హాన్సెను ఆ వ్యాధికి సూక్ష్మక్రిమి కారణమని కనుగొనెను. అనగా అది పాపఫలము గాదని తేలినది. అయినను 1898లో మన దేశమున చేసిన చట్టము, బీదరోగులను పట్టి ఆశ్రమములలో నుంచుటకు అధికార మిచ్చెను. అట్టి దినములలోనే, 1915లో, నిజామాబాదుచేరువ డిచ్‌పల్లియందు ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠరోగుల కాసుపత్రి స్థాపించి, ఎవ్వరును ముట్టనివారిని ముట్టి చికిత్స చేసెను. 1981నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పిన మిశ్రమ ఔషధములచే ఆ వ్యాధి పూర్తిగా కుదురుచున్నది. కాని ఆ 1898నాటి చట్టము 2016 వఱకు పుస్తకములలో నుండెను. కుష్ఠము కారణముగా భార్యాభర్తలు విడాకులు కోరవచ్చునను నియమము 2019లో గాని తొలగలేదు. రోగమునకు మందు దొరకిన తరువాత కూడ మాటకు మందు దొరకుటకు ముప్పది యెనిమిదేండ్లు పట్టినది!

2020లోను ఇట్టి తొట్రుపాటే కలిగినది. మొదట అందఱును సామాజిక దూరమనిరి. సమాజమునుండి దూరమా? అది మన వెలికి సంస్కృతపు పేరు గదా! ఆ మార్చి నెలలోనే ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పొరపాటు గ్రహించి, భౌతికదూరమనుట మేలనిరి. మన పత్రికలలోను ఆ మాట వచ్చినది. దేహములు దూరముండవలెను గాని మనసులు గావని దాని భావము. అంతటి సంస్థవారును ఒక మాటను తుడిచి వేఱొక మాట వ్రాసికొనగా, పల్లెటూరి పంతులను నేను తుడువకుండుటకు కారణమేమి?

మఱునాటి ఉదయము బడికి పోయి, తడిగుడ్డతో బల్లను తుడిచితిని. “ఈ కుటుంబమువారు 14 దినములు మనకు ఎడముగా నుందురు. వీరికి కావలసినవి గుమ్మముకడ నుంచుడు. ఫలానా తేదీ ఉదయమున ఇంటికి వచ్చెదరు” అని, తేదీ వేసి వ్రాసితిని. ఊరును బల్లయు అవియే, దూరమును గజమైనను తగ్గలేదు. కాని ఆ సాయంకాలము గుమ్మముకడ మూడిండ్ల గిన్నెలు కనబడినవి. ముందునాడు నా పాలచెంబు ఒక్కటియే యుండెను. అతడు ఏమియు ననలేదు. పిల్లలను పిలిచి బల్లమీది తేదీ చదివించుచుండెను. గడువుతీరిన ఉదయమున వారు ఊరిలోనికి నడచివచ్చుచుండగా, అతని తాతకు ఏనాడో వేసిన వెలిని ఎత్తివేసినవా రెవ్వరని నేను పెద్దల నడిగితిని. ఎవ్వరికిని తెలియదు. అతడు ఏ తప్పు చేసెనో కూడ ఎవ్వరికిని జ్ఞాపకములేదు. వెలి మాత్రము అతని మనుమని చెవిలో నిలిచియున్నది.

పెద్దలారా! ఊరికి కట్టుబాటు అవసరమే. వ్యాధియో తగవో వచ్చినపుడు ఒకరిని దూరముగా నుంచవలసివచ్చుట మానదు. అట్టి నిర్ణయము మీ నోటినుండి వెలువడుటకు ముందు మూడు సంగతులు విచారింపుడు. దీనికి గడువు కలదా? వాని పాలు వానికి మిగిలినదా? నిప్పును నీరును వానికి అందుచున్నవా? ఈ మూడును గలిగినచో అది ఎడము. మూడింటిలో నొక్కటి లేకున్నను, మీరు దాని కేమి పేరు పెట్టినను, అది వెలియే. ఎడమునకు తేదీ వేసి వ్రాయవచ్చును. వెలికి తేదీలేదు. అందుచేతనే అది వేసినవారు పోయినపిమ్మటను పోదు.

ఎన్నో యేండ్లు బడిలో ఈ మాటలకు అర్థమొక్కటే యని చెప్పిన తప్పునకు, ఈ ప్రసంగము నా ప్రాయశ్చిత్తము.